దిష్టిబొమ్మలో కాపురం

మంచిర్యాలలో మేం ఇల్లు కట్టుకుంటున్నప్పుడు పిట్టగోడకు ఒక దిష్టిబొమ్మను వేలాడదీశాం. మా ఆయన బొగ్గుబాయి డ్యూటీకి వేసుకునే పాత ఖాకీ బట్టల్లో గడ్డి కూరి, తలకు కుండ బోర్లించి, మీసాలు గీశాం. మీసాలు మరీ బాగా కుదిరాయేమో, దారిన పోయేవాళ్లు "ఏం అన్నా, డ్యూటీకి పోలేదా?" అని దాన్నే పలకరించేవాళ్లు. మా ఆయనకు ఒళ్లు మండేది. నాకు మాత్రం ఆ మాట వినడానికే గేటు దగ్గర పని కల్పించుకోవాలనిపించేది.

ఆ ఇల్లు నిజానికి మా అత్తమ్మది. కాగితాల మీద కాదు, మనసులో. పెళ్లయినప్పటి నుంచీ బాయి క్వార్టర్లలోనే బతికిన మనిషి. సొంతింట్లోకి డప్పుల చప్పుడుతో పోవాలి, అది వాడకట్టంతా వినాలి. ఆమె కోరిక అదొక్కటే. ఇల్లు పునాదిలో ఉండగానే డప్పులవాళ్లకు చెప్పి పెట్టింది.

గృహప్రవేశం దగ్గర పడ్డాక, బొమ్మను దించడానికి మేస్త్రి పైకెక్కాడు. పాలు పొంగించేలోపు దాన్ని తీసి కాల్చెయ్యాలని మాలో ఆనవాయితీ. ఆయన తాడు ముట్టుకున్నాడో లేదో, రెండు పిచ్చుకలు చెవుల చుట్టూ తిరుగుతూ ఒకటే గోల! నేను పరుగున పైకి వెళ్లి, మీసాల కింద కుండకు ఉన్న పగుల్లోంచి చూశాను. గడ్డిలో పిల్లలు. ఈకలు లేవు, కళ్లు తెరవలేదు, అన్నీ నోళ్లే. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మా ఆయన తలకాయలో ఇంత ముచ్చటైన ఆలోచన ఎప్పుడూ పుట్టలేదు మరి.

"తియ్యొద్దు," అన్నాను.

"ముహూర్తం తప్పితే ఇగ మూఢాలు. బొమ్మ ఉండంగ ఇంట్లకు పోతరా ఎవలన్న?" అన్నాడు మా ఆయన.

"గూడు తీసి గా జామచెట్టు మీద పెడ్త తియ్," అన్నాడు మేస్త్రి.

"తల్లి గుర్తు పట్టకపోతే? నువ్వు మేపుతవా?" అని విరుచుకుపడ్డాను. నాది ఉడుంపట్టు. బొమ్మ దిగితే నేను గడప దాటనని చెప్పేశాను.

ఇద్దరూ అత్తమ్మ వంక చూశారు. ఆమె మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కి, పగులుకు కన్ను ఆనించి ఆ నోళ్లన్నీ లెక్కపెట్టింది.

"మనకన్న ముందుగాల్నే ఇంట్లకు దిగినయి గదరా," అంది చివరికి. "బొమ్మ ఉండనియ్యిండ్రి. డప్పులు గూడ బంద్. బాలింత ఉన్న ఇంట్ల చప్పుడు చేస్తరా? చిన్న పానాలు, అదిరిపడ్తయి."

నేను బొమ్మ కోసమే కొట్లాడాను. డప్పుల సంగతి నాకసలు తట్టనే లేదు. వీధి చివర కొట్టిద్దామని ఎంత బతిమాలినా ఆమె వినలేదు.

అలాంటి గృహప్రవేశం మీరు చూసి ఉండరు. చుట్టాలందరూ గుసగుసలే. గుమ్మడికాయను వీధి మొదట్లో కొట్టుకొచ్చాం. పంతులుగారు మంత్రాలు గొంతులోనే చదివారు. మా మేనమామ ఒకే ఒక్క తుమ్ము తుమ్మితే పందిరి మొత్తం ఆయన వైపు గుడ్లురిమి చూసింది. పాత డ్యూటీ బట్టల్లో ఒక మా ఆయన పైన వేలాడుతుంటే, పట్టుపంచెలో ఇంకో మా ఆయన పాలకుండ పట్టుకుని పిల్లిలా లోపలికి నడిచాడు. నవ్వు ఆపుకోలేక నాకు పొట్టనొప్పి పుట్టింది.

డప్పులవాళ్లు భోజనం చేసి, చప్పుడు లేని డప్పులను భుజాన వేసుకుని వెళ్లిపోయారు. వాళ్లు మలుపు తిరిగేదాకా అత్తమ్మ గేటు పట్టుకుని నిలబడింది. అది చూశాక నాకు నవ్వు రాలేదు.

పిల్లలకు ఈకలు వచ్చాయి. ఒక్కొక్కటే ఎగిరి జామచెట్టు మీదికి చేరింది. ఆఖరుది పగుల్లో కూర్చుని ఒకటే అరుపు. "ఎగురు బిడ్డా, ఏం గాదు," అని అత్తమ్మ దాన్ని పొద్దంతా బతిమాలింది. అది వెళ్లిపోయిన మర్నాడు, ఎవరికీ చెప్పకుండా డప్పులవాళ్లకు ఫోన్ కొట్టాను.

కుండను పిచ్చుకల కోసం గోడకే వదిలేసి, తల లేని బొమ్మను కాల్చడానికి కిందికి దించాం. ఇంటి ముందు డప్పు మోగింది. అత్తమ్మ చేతిలో చీపురుతో బయటికొచ్చి, నా మొహం చూసి, చీపురు అక్కడే పడేసింది. కొంగు నడుముకు చెక్కి, డప్పుకు తగ్గట్టు ఎగురుతూ ముందు నడిచింది. వెనక బొమ్మ, దాని వెనక మేం. చాయ్ హోటల్ దగ్గర జనం లేచి నిలబడ్డారు. ఏ నాయకుడి బొమ్మనో తగలబెడుతున్నామనుకున్నారు. "తలకాయ లేదు గదా, ఎవలో ఎట్ల తెలుస్తది?" అన్నాడొకడు. ఇంకొకడు అదేమీ పట్టించుకోకుండా "డౌన్ డౌన్!" అందుకున్నాడు. కానిస్టేబుల్ బండి అడ్డం పెట్టాడు.

"ఎవరి మీద ధర్నా ఇది? పర్మిషన్ ఉన్నదా?"

డప్పులు ఆగిపోయాయి. మా ఆయన నా వెనక్కి నక్కాడు. అత్తమ్మ ఆగలేదు, ఎగురుతూనే ఉంది.

"ధర్నా గాదు బిడ్డా, మా ఇంటి గృహప్రవేశం! జర పక్కకు జరుగు," అంది. "కొట్టుండ్రి, గట్టిగ కొట్టుండ్రి!"