బుట్టలో మట్టి మూకుడు

ఆఫీసు ట్రైనింగుకని గుర్గావ్ వెళ్ళిన వేసవిలో, అక్కడే స్థిరపడిన నా స్నేహితుడు శ్రీను ఓ ఉదయం పార్కుకి తీసుకెళ్ళి డిస్క్ గోల్ఫ్ ఆడించాడు. స్తంభానికి ఒక ఇనపబుట్ట, దాని పైన వేలాడే గొలుసులు. పళ్ళెంలాంటి ప్లాస్టిక్ డిస్కు విసిరితే గొలుసులకి తగిలి బుట్టలో పడాలి. తక్కువసార్లు విసిరినవాడిదే గెలుపు.

ఆఖరి బుట్టకి పదడుగుల దూరంలో ఉన్నాను. ఇది పడితే గెలిచినట్టే. చెయ్యెత్తాను.

"రుకో భయ్యా!"

సల్వార్ కమీజ్ మీద స్పోర్ట్స్ బూట్లు వేసుకున్న ఓ పెద్దావిడ, ఆగమంటూ గబగబా వచ్చి, బుట్టలో ఉన్న మట్టి మూకుడులో సీసాతో నీళ్ళు పోసింది. అప్పటిదాకా ఆ మూకుణ్ణి నేను చూడనేలేదు.

"ఆంటీజీ, యే గేమ్ కా బాస్కెట్ హై," అన్నాను నాకొచ్చిన హిందీలో.

"పతా హై బేటా," అంది, తెలియకేం అన్నట్టు. ఇనపస్తంభం పిల్లి ఎక్కలేదట. పిట్టలకి ఇంతకన్నా మంచి చోటు పార్కంతా వెతికినా లేదట.

శ్రీను అప్పటికే గడ్డిలో చతికిలబడ్డాడు. "పిట్ట తాగి వెళ్ళేదాకా ఆగాలి గురూ. తర్వాత నీ ఇష్టం. ఇక్కడ అందరం అలాగే ఆడతాం."

ఓ గోరింక వచ్చి తాగింది, తీరిగ్గా రెక్కలు తడుపుకుని ఎగిరిపోయింది. ఆవిడ మూకుడు వైపే చూస్తూ నిలబడింది. విసిరాను. మూకుడు పగులుతుందేమోనని ఆఖరి క్షణంలో చెయ్యి దానంతటదే వెనక్కి తగ్గింది. డిస్కు బుట్టకి ఇవతలే గడ్డిలో పడింది.

"షాబాష్!" అంటూ ఆవిడ చప్పట్లు కొట్టింది.

గురి తప్పినందుకు నన్నెవరైనా మెచ్చుకున్నది అదొక్కసారే.