ఒక్కపొద్దు విడిచే వేళ

నా చిన్నప్పుడు సోమందేపల్లిలో బస్సులు ఆగేచోట మా నాయనకు చిన్న హోటల్ ఉండేది. పొద్దున ఉగ్గాని, సాయంత్రం బొండాలు. బడి నుంచి వచ్చి నేను గల్లాపెట్టె పక్కన కూర్చునేదాన్ని. ఒకరోజు ఎప్పుడూ వచ్చే లారీ డ్రైవరు ఒకాయన నన్ను చూసి, "ఏమప్పా, మిగిలిన బొండాలన్నీ ఈ పిల్లకే పెడతాండావా?" అన్నాడు. హోటలంతా నవ్వింది. మా నాయన కూడా నవ్వాడు. ఆ డ్రైవరు మనసులో ఏ చెడూ లేదు. కానీ ఆ రోజు నేను అన్నం ముట్టలేదు. అప్పటికి నాకు పన్నెండేళ్లు.

తర్వాతి నెల రంజాన్. రోజాను మా ఇళ్లలో ఒక్కపొద్దు అంటారు. అది నాకు మంచి చాటుగా దొరికింది. పండుగ వెళ్లిపోయినా నేను ఆపలేదు. మొదట సోమవారం, గురువారం అన్నాను. తర్వాత మిగిలిన రోజులు కూడా అన్నాను. పొద్దు కుంకాక ఒక గుక్క నీళ్లు తాగి నమాజుకు లేచిపోయేదాన్ని. నా పళ్లెంలోది పెరట్లో మేకకు పోయేది. "నీ బిడ్డకు ఎంత భక్తి ఉండాదమ్మా" అని వీధిలో ఆడవాళ్లు మా అమ్మతో అనేవారు. ఆ మెప్పు నాకు అన్నం కన్నా రుచిగా ఉండేది. పావడా నాడా బిగించి కట్టుకునేకొద్దీ ఏదో గెలిచినట్టు అనిపించేది. దువ్వెన నిండా జుట్టు ఊడి వస్తున్నా, ఎండలో కూడా చేతులు చల్లబడుతున్నా ఎవరికీ చెప్పలేదు.

మా అవ్వ ఒక్కతే నన్ను మెచ్చుకోలేదు. అవ్వ అంటే మా నాయన తల్లి. వీధి పిల్లలందరికీ ఖురాను చదవడం నేర్పింది ఆమే. పెళ్లయిన నాటి నుంచి సోమ, గురువారాల ఒక్కపొద్దులు తప్పలేదు. ఆకలి ఎలా ఉంటుందో బాగా తెలిసిన మనిషి కాబట్టి, నాలో ఏదో లేదని ఆమెకు తెలిసిపోయింది. పొద్దు వాలేకొద్దీ ఒక్కపొద్దు ఉన్నవాళ్ల చెవులు మసీదు వైపు తిరుగుతాయి. నా చెవులు తిరగడం లేదు.

ఒక గురువారం అవ్వ వాకిట్లో చాప పరిచి నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. నా చేతిలో ఒక ఖర్జూరం పెట్టి, తానొకటి తీసుకుంది. అజాన్ వినబడింది. పొద్దు కుంకగానే విడవాలి, ఆలస్యం చేయకూడదు అని మాకు నేర్పిన అవ్వ, ఖర్జూరం పట్టుకుని అలాగే కూర్చుంది.

"అవ్వా, అజాన్ అయిపోయింది."

"అయింది. నువ్వు తిను, నేనూ తింటా."

"నేను మళ్లీ తింటాలే."

"అయితే నేనూ మళ్లీనే."

నమాజు ముగించుకుని మగవాళ్లు ఇళ్లకు తిరిగి వస్తున్నారు. అవ్వ పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఖర్జూరం ఇంకా చేతిలోనే ఉంది. నా వల్ల ఆమె ఒక్కపొద్దు చెడిపోతుందేమోనని భయపడి ఏడ్చేశాను. ఆ ఏడుపులో బొండాల మాట కూడా బయటపడింది.

అవ్వ తిట్టలేదు. నువ్వేమీ లావు లేవులే అని కూడా అనలేదు. "ఒక్కపొద్దంటే ఒక్క పొద్దేనే తల్లీ. సందెకాడ కడుపునిండా తిని విడిస్తేనే దానికి ఆ పేరు. నువ్వు ఉండేది పస్తు. పస్తుండమని అల్లా యాడ చెప్పినాడు? ఈ ఒళ్లు ఆయన భద్రంగా పెట్టుకోమని నీకిచ్చిన సొమ్ము. లారీవాడు చెప్పినాడని పారేస్తావా?" అంది. చివరి మాటకు నాకు ఏడుపులోనే నవ్వు వచ్చింది. ఖర్జూరం సగం కొరికాను. అప్పుడు అవ్వ తనది నోట్లో వేసుకుంది.

ఒక్క ఖర్జూరంతో అది తీరిపోలేదు. మరునాడే మళ్లీ నా పళ్లెంలోది మేకకు పోయింది. అవ్వ మా నాయనను పిలిచి, ఈ పిల్ల ఒంటి మాట ఇంట్లోగానీ హోటల్లోగానీ ఎవరూ ఎత్తకూడదని గట్టిగా చెప్పింది. గాలి సోకిందేమో, తాయెత్తు కట్టించమన్న వాళ్లతో, "అల్లాకు దువా చేస్తాం, బస్సూ ఎక్కుతాం" అంది. హిందూపురంలో డాక్టరమ్మ దగ్గరికి నన్ను తానే తీసుకుపోయింది. ఇది మొండితనం కాదు, జబ్బు, మెల్లగా నయమవుతుందని డాక్టరమ్మ చెప్పింది. ఒళ్లు కుదుటపడేదాకా ఒక్కపొద్దులు వద్దంది. ఆ బస్సు చాలాసార్లు ఎక్కాం.

ఆ ఏడాదంతా అవ్వ తన సోమవారాలూ గురువారాలూ మానుకుంది. మధ్యాహ్నం నేను బడి నుంచి వచ్చేసరికి రెండు పళ్లాలు వేసుకుని కూర్చుని, నాతో సమానంగా ముద్ద కలిపేది. "నీ పుణ్యం పోతాది కదవ్వా" అని ఒకసారి అడిగాను. "నేను యాడ కూసుని తింటాండానో పైనున్నాయనకు కనపడదా? తిను" అంది.

అవ్వ ఇప్పుడు లేదు. ధర్మవరంలో మా ఇంట్లో శుక్రవారాలు ఆడవాళ్లమూ పిల్లలమూ కూడి ఖురాను చదువుకుంటాం. పెద్దల ప్రసంగాలు ఎన్నో విన్నాను. కానీ ఆరాధన అంటే ఏమిటో ఆ రెండు పళ్లాల దగ్గర తెలిసినంతగా మరెక్కడా తెలియలేదు. రంజాన్ సాయంత్రాల్లో అజాన్ కోసం అందరం వరుసగా కూర్చున్నప్పుడు నా చూపు పిల్లల ముఖాల మీదే ఉంటుంది. ఎదురుచూడని ముఖం ఒక్కటి కనబడినా, లేచి వెళ్లి ఆ బిడ్డ ఎదురుగా కూర్చుంటాను. అజాన్ అయినా నా ఖర్జూరం నా చేతిలోనే ఉంటుంది.