గొంతు మీద కుట్టు

వేటాడిన జంతువుల తలల్ని గోడకి తగిలించుకునేలా తయారుచేసిచ్చే ఆర్డిస్ కొట్టు తలుపు మీద ఇరవై ఏళ్లుగా ఒకటే బోర్డు: "తల గోడకి కావాలంటే గొంతు కోయకండి." అరచేయంత అక్షరాలు. అయినా అమెరికాలో ఈ విస్కాన్సిన్ ఉత్తరాన మా ముసలాళ్ల చెవికెక్కితేనా! దుప్పి అలా కూలిందో లేదో గొంతులో కత్తి దించాల్సిందే. రక్తం కార్చకపోతే మాంసం పాడవుతుందని వాళ్ల తాతలు చెప్పారట. ఎలాగూ కడుపు చీరి పేగులన్నీ తీసేస్తారు కదా, మళ్లీ ఈ గొంతు కోత ఎందుకురా నాయనా అని ఆర్డిస్ ప్రతి నవంబరులోనూ తల బాదుకుంటుంది.

ఆ ఏడు వేట మొదలైన రెండో రోజే జానెల్ తన తండ్రి హిల్మర్‌ని, ట్రక్కు వెనకాల ఆయన కొట్టిన దుప్పిని తీసుకొచ్చింది. కొమ్ముకి ఐదేసి మొనలున్న మగది. హిల్మర్‌కి ఎనభై మూడు. ఒక కన్ను ఏనాడో పోయింది. రెండోది వసంతం దాకా ఆగదని డాక్టరు చెప్పేశాడు. అరవై ఏళ్ల వేటలో ఒక్క తలనీ గోడెక్కించని మనిషి, ఈ ఆఖరిది మాత్రం కావాలన్నాడు.

ఆర్డిస్ దుప్పి గడ్డం ఎత్తి చూసింది. గొంతు మీది తెల్లటి మచ్చకి అడ్డంగా జానెడు కోత.

"బోర్డు చూళ్లేదా పెద్దాయనా?"

"కళ్లు కనపడవే అమ్మాయ్. బోర్డెలా చదవను?"

"గొంతు మాత్రం బానే కనపడినట్టుంది!"

హిల్మర్ పకపకా నవ్వాడు. నవ్వు ఆగాక, "పాడుచేశానా?" అని మెల్లగా అడిగాడు.

"నేనుండగా ఎలా పాడవుతుంది? పోయి ట్రక్కులో కూర్చోండి, చలి."

ఆయన అటు వెళ్లగానే జానెల్ దగ్గరికొచ్చింది. ఇద్దరూ ఒకే బళ్లో చదువుకున్నవాళ్లు. "ఆర్డిస్, నీ ఫ్రీజర్లో వేరే తోళ్లుంటాయిగా. ఒకటి తొడిగెయ్. కొమ్ములు ఎలాగూ ఆయనవే. నాన్నకేం తెలుస్తుంది?"

అందులో వింతేం లేదు. తోలు చెడిపోతే మార్చడం ఈ పనిలో మామూలే. ఆర్డిస్ కూడా వేటగాడికి చెప్పి డజన్లకొద్దీ మార్చింది. చెప్పకుండా మాత్రం ఎప్పుడూ మార్చలేదు.

"వద్దే. ఇంక ఆయన చూసేదంతా చేత్తోనే. రోజూ నిమురుకునేది ఎవడో కాల్చినదాన్నా?"

"మరి కుట్టు కనపడితే?"

"నా కుట్టు ఎవడికీ కనపడదు. కనపడితే కొట్టు మూసేస్తా."

"నీ పొగరు తగలెయ్య!" అంది జానెల్.

పొగరే. కానీ పనిచేసే పొగరు. ఆర్డిస్ తోలుని భుజాల దగ్గర్నుంచి మేజోడు తీసినట్టు ఒలిచింది. చెవుల్ని లోపలివైపు తిప్పింది, పెదవుల్ని చీల్చి పలచన చేసింది, రెండుసార్లు ఉప్పు పట్టించింది. తోలు పదునయ్యాక కోతని లోపలి వైపునుంచి కుట్టింది. గొంతు దగ్గర వెంట్రుకలు పొట్టివి, ఒక్కటి దారంలో ఇరుక్కున్నా బయటికి గీతలా కనిపిస్తుంది. పైగా తోలు ఆరుతూ బిగుస్తుంది, కుట్లు ఎడంగా పడితే నోరు తెరుస్తాయి. ఆ జానెడులో అరవై నాలుగు కుట్లు పడ్డాయి. తర్వాత దుప్పి తల ఆకారపు అచ్చు మీదికి లాగి, గాజుకళ్ల చుట్టూ మట్టి దిద్ది, ఆరబెట్టింది.

ఏప్రిల్లో సరస్సు మీద మంచు కరుగుతుండగా హిల్మర్ కూతురి చెయ్యి పట్టుకుని వచ్చాడు. డాక్టరు మాట నిజమైంది. ఆర్డిస్ ఆయన చేతుల్ని కొమ్ముల మీద పెట్టింది. ఆయన మొనలన్నీ తడిమి, చెవులు నిమిరి, ముక్కు దాటి గొంతు మీదికి దిగాడు. వేలు ముందుకెళ్లింది, వెనక్కొచ్చింది, ఆగింది.

"ఇదిగో."

ఆర్డిస్ వంగి ఆ వేలు ఆగిన చోటే చూసింది. జానెల్ కళ్లజోడు పెట్టుకుని మోకాళ్ల మీద కూర్చుని వెతికింది. ఆమెకేమీ కనపడలేదు.

"ఇది నా కోతే," అన్నాడు హిల్మర్. "చలికాలమంతా ఒకటే భయమే అమ్మాయ్. గుడ్డివాణ్ణి కదా, వేరే తోలు తొడిగిచ్చేస్తారని."

జానెల్ మొహం ఎర్రబడింది. "కొట్టెప్పుడు మూస్తున్నావ్?" అని ఆర్డిస్‌ని గిల్లింది.

ఆర్డిస్ కళ్లు తుడుచుకుంటూనే తలెగరేసింది. "ఎందుకు మూస్తా? నీకు కనపడిందా?"