నేలవాకుడు అనుకుని

బాటనీ డిగ్రీ ఉందని ఆ రోజుల్లో నాకు పొగరు బాగా నెత్తికెక్కింది. జూలూరుపాడు దగ్గర ఊళ్లో టీచరుగా చేరి, ఒంటరి ముసలమ్మ ఇంట్లో కిరాయికి ఉండేదాన్ని. సెల్‌ఫోను సిగ్నల్ కోసం మిద్దె ఎక్కే కాలం. ఆమెను పెద్దమ్మా అని పిలిచేదాన్ని.

ఒక ఆదివారం పెద్దమ్మకు పిప్పిపన్ను వల్ల దవడ వాచింది. నొప్పికి కళ్లు కూడా తెరవలేకపోతోంది. దవాఖానా మూత.

"బిడ్డా, నేలవాకుడు గింజలు పట్టుకరా. పొగ వడితే తగ్గుతది. నేలమీదనే పాకుతది, ఊదా పువ్వు. ఆకుమీద ముల్లుంటది, పైలం."

"వంకాయ కుటుంబమే కదా పెద్దమ్మా, నాకు తెలీదా!" అన్నాను.

చేను గట్టు మీద పశువులు తొక్కి నేలకు ఒరిగిన మొక్క కనిపించింది. వాడిన ఊదా పువ్వు, ముళ్ల కాయలు. ఇంకేం! ఆకులు చేత్తో పక్కకు తోసి, ఎండు కాయలు అక్కడే రాయితో చితక్కొట్టి, గింజలు మాత్రం పొట్లం కట్టాను. ఇంటికొచ్చి గొప్పగా చూపించబోతే ఆమె కళ్లు తెరవలేదు.

"నువ్వు చూసినవంటే సరే. సదువుకున్నదానివి."

కుంపటి నిప్పుల మీద గింజలు చల్లి, చిల్లున్న కొబ్బరిచిప్ప బోర్లించి, చిల్లులో బొప్పాయి కాడ దూర్చాను. పొగ లేచింది. ఆమె కాడ కొస పెదవుల దగ్గరికి తెచ్చుకుంది. నిప్పు ఊదుదామని గొంతుక్కూర్చుంటే నా మోకాలు చురుక్కుమంది. కుచ్చిళ్లలో చిక్కుకున్న కాయ. పీకి చూశాను, ఒళ్లంతా ముళ్లు. ఆకుమీద కదా ఉండాలంది! ఆ ఆకుల్ని ఉత్త చేత్తో తోశానే, ఒక్క ముల్లూ గుచ్చలేదే!

ఉమ్మెత్త. మనిషికి పిచ్చెక్కించే, ప్రాణం తీసే ఉమ్మెత్త. రికార్డులో దాని బొమ్మ గీసి మార్కులు కొట్టేసిన మొహం నాది! కుంపటిని కాలితో తన్నాను.

నిప్పులు నా పాదం మీదే పడ్డాయి. "ఏందే, దయ్యం వట్టిందా!" అని పెద్దమ్మ అరిచింది. ఏడుస్తూ కాయను ఆమె చేతిలో పెట్టాను. వేళ్లతో తడిమింది.

"వాకుడు కాయ నున్నగుంటది బిడ్డా."

మర్నాడు దవాఖానాలో డాక్టరు నా పాదం ఎట్లా కాలిందని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే పెద్దమ్మ అందుకుంది. "నా పంటినొప్పికి మందు చేయవోయి కాల్చుకున్నది సారూ. మంచి పిల్ల."

తిరిగొచ్చే దారిలో ఒకచోట నన్ను కూర్చోమంది. నేలకు కరుచుకున్న మొక్క ఒకటి చూపించి, నా వేలు పట్టుకుని దాని ఆకుమీద గట్టిగా నొక్కింది. రక్తం చుక్క పొడుచుకొచ్చింది.

"ఇగ మర్వవు" అంది.