పైలటన్న బిళ్ళ

నా చిన్నప్పుడు గోదావరిఖనిలో గడియారం ఉన్న ఇళ్ళు తక్కువ. ఉన్నా దాన్ని నమ్మేవాళ్ళు ఇంకా తక్కువ. సైరన్ మోగితే పొద్దు, మళ్ళీ మోగితే మధ్యాహ్నం. మా అమ్మ సైరన్ విని ఎసరు పెట్టేది, సైరన్ విని నన్ను బడికి తరిమేది. మోగే వేళ కాకుండా అది మోగిందంటే మాత్రం, పొయ్యి మీద కూర మాడుతున్నా సరే, ఆడవాళ్ళంతా కొంగు నడుముకు చెక్కుకుని బాయి గేటు వైపు పరుగెత్తేవాళ్ళు. బాయి అంటే మా దగ్గర నీళ్ళ బావి కాదు, బొగ్గు గని.

మా తాతయ్య ఆ బాయి మీద ల్యాంపు రూములో పనిచేసేవాడు. బాయిలో దిగే ప్రతి మనిషికీ ఒక ఇత్తడి బిళ్ళ ఉండేది. దిగేముందు ఆ బిళ్ళ కిటికీలో మా తాతయ్యకు ఇచ్చి, తలకు పెట్టుకునే దీపం తీసుకోవాలి. తాతయ్య ఆ బిళ్ళను బోర్డు మీద మేకుకు తగిలించేవాడు. పని ముగించుకుని పైకొచ్చాక దీపం ఇచ్చేసి ఎవరి బిళ్ళ వాళ్ళే తీసుకోవాలి. అన్న బిళ్ళ తమ్ముడికి ఇవ్వరు, తండ్రి బిళ్ళ కొడుక్కి ఇవ్వరు. మేకుకు బిళ్ళ వేలాడుతోందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నాడని లెక్క. ఈ సంగతిలో మా తాతయ్య ఎవరినీ ఖాతరు చేసేవాడు కాదు. మహా మొండిమనిషి. ఆ మొండితనంలో నా వాటా నాకు దక్కిందని మా ఇంట్లో ఇప్పటికీ అంటారు.

మా పక్క క్వార్టరులో టీచరమ్మ ఉండేది. కంపెనీ బడిలో మాకు పాఠాలు చెప్పేది. భర్త గుమాస్తాగా చేస్తూ చనిపోయాడు, ఒక్కడే కొడుకు. వాళ్ళు క్రైస్తవులు. క్రిస్మస్‌కు వాళ్ళింటి నుంచి కేకు వచ్చేది, సద్దుల బతుకమ్మకు మా ఇంటి నుంచి మలీద ముద్దలు వెళ్ళేవి. ఆ కొడుకు చదివి చదివి యుద్ధవిమానం నడిపేవాడయ్యాడు. సెలవు మీద వస్తే కాలనీ పిల్లలంతా ఆయన చుట్టూ ఈగల్లా ముసిరేవాళ్ళం. ఆయన లేనప్పుడు ఆకాశంలో ఏ విమానం కనపడినా సరే, మెడలు విరిగేలా తలెత్తి ‘పైలటన్నా’ అని అరిచేవాళ్ళం. అది ఏ హైదరాబాదుకో పోయే మామూలు విమానమై ఉంటుందని మాకేం తెలుసు.

ఒక చలికాలం యుద్ధం వచ్చింది. యుద్ధం తొందరగానే ముగిసింది కానీ, టీచరమ్మకు టెలిగ్రాం వచ్చింది. విమానం శత్రువుల నేల మీద కూలిపోయిందనీ, పైలటు జాడ తెలియలేదనీ అందులో ఉంది.

అక్కడ మా కాలనీ మొత్తం ఒక పొరపాటు పడింది. అది బొగ్గుబాయిల వాళ్ళే పడగల పొరపాటు. బాయిలో కప్పు కూలి మనిషి జాడ దొరకలేదంటే, ఆ మనిషి మీద ఎంత బొగ్గు పడిందో మావాళ్ళకు తెలుసు. అందుకే ‘జాడ లేదు’ అన్న మాట వినగానే అందరూ ఆయన చనిపోయాడనే అనుకున్నారు. వచ్చినవాళ్ళంతా టీచరమ్మను పట్టుకుని ఏడ్చారు. ఆమె మాత్రం ఏడవలేదు. బడికి రావడం మానేసింది, తినడం మానేసింది. మా అమ్మ గిన్నెలో అన్నం పెట్టి పంపితే, ఆ గిన్నె అట్లాగే మా ఇంటికి తిరిగొచ్చేది.

మందమర్రి నుంచి ఆమె అన్న వచ్చాడు. పోయినవాళ్ళ కోసం పెట్టే ప్రార్థనకూటం పెట్టేద్దాం, అప్పుడు నీ మనసు కుదుటపడుతుంది అన్నాడు. యూనియన్ వాళ్ళు, మా కాలనీ బిడ్డకు బాయిలో పోయినవాడికి ఇచ్చే మర్యాదే ఇస్తాం అన్నారు. గేటు ముందు సంతాపసభ, పని ఆపి అందరూ పైకి రావడం, చివర సైరన్. కాదనడానికి ఆమె దగ్గర బలం లేదు, తల ఊపింది. ఎవరూ చెడ్డవాళ్ళు కాదు, అందరూ మంచి మనసుతోనే చేశారు. అందుకే ఆపడం అంత కష్టమైంది.

సభకు ముందురోజు సాయంత్రం మా తాతయ్య అరుగు మీద కూర్చుని ఒక ఇత్తడి ముక్కను గుండ్రంగా అరగదీస్తున్నాడు. తర్వాత దాని మీద ఉలితో కొట్టి కొట్టి అక్షరాలు వేశాడు. నేను కూడబలుక్కుని చదివాను. పైలటన్న పేరు.

“ఎందుకు తాతా?” అని అడిగాను.

“బిళ్ళ లేకుంట ఎవ్వలనన్న దిగనిస్తమా?” అన్నాడు.

మర్నాడు గేటు ముందు బల్ల మీద పైలటన్న ఫోటో, దానికి చేమంతుల దండ. పాస్టరుగారు వచ్చారు. టీచరమ్మ కుర్చీలో కూర్చుని నా చెయ్యి పట్టుకుంది, కాబట్టి నేనూ పెద్దల వరుసలోనే నిలబడ్డాను. మాట్లాడాల్సినవాళ్ళు మాట్లాడారు. ఇక సైరన్ మోగించాలి. మోగించే ముందు ల్యాంపు రూముకు మనిషిని పంపి, ఎవరి బిళ్ళలు వాళ్ళకు అందాయా అని అడగడం మా దగ్గర ఆనవాయితీ. లోపల మనిషి ఉండగా సంతాపం సైరన్ కొట్టరు. యూనియన్ నాయకుడు ఒకతన్ని పంపాడు.

వెళ్ళినవాడు పరుగెత్తుకుంటూ తిరిగొచ్చాడు. “ఒక్కని బిళ్ళ మేకుకే ఉన్నది. ఒకడు మీదికి రాలే,” అన్నాడు.

ఆ మాట ఎలాంటిదో బొగ్గుబాయి దగ్గర పుట్టినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ప్రతి ఆడమనిషీ తన మొగుడి కోసం, తన కొడుకు కోసం గుంపులో వెతుక్కుంది. మరుక్షణం అందరూ ల్యాంపు రూము వైపు ఉరికారు. అన్ని రోజులుగా కుర్చీలోంచి లేవడానికే ఒకరి ఆసరా కావాల్సిన టీచరమ్మ, నా చెయ్యి వదలకుండా లేచి పరుగెత్తింది. ఎవరి మనిషో ఏమో, ఆ మాట వింటే మా ఆడవాళ్ళ కాళ్ళు వాటంతటవే పరుగెడతాయి.

కిటికీ వెనక మా తాతయ్య నిమ్మళంగా నిలబడి ఉన్నాడు. బోర్డు మీద మేకులన్నీ ఖాళీ. ఒక్క మేకుకు మాత్రం కొత్త ఇత్తడి బిళ్ళ మెరుస్తోంది. పేరు చదివి నాయకుడి మొహం ఎర్రబడింది.

“ఏంది కాకా, గీ వేళ పరాచికాలా?”

“పరాచికం నాది కాదు,” అన్నాడు తాతయ్య. “మనిషి మీదికి రాలే, పీనుగ మీదికి రాలే. బాయిల గిట్ల ఎన్నడన్న సైరన్ కొట్టినమా? మనోళ్ళకైతే కొట్టం, దూరం పోయినోనికైతే కొడ్తమా?”

అప్పుడు టీచరమ్మ వైపు తిరిగాడు. గొంతు తగ్గించి, “ఇది నీ కొడుకు బిళ్ళ బిడ్డా. తియ్యాల్నంటే నువ్వే తియ్యి. నేనైతే తియ్య,” అన్నాడు.

ఆమె కిటికీలోంచి చెయ్యి లోపలికి పెట్టింది. బిళ్ళను వేళ్ళతో తడిమింది. అక్షరాల మీద వేలు నడిపింది. తర్వాత చెయ్యి వెనక్కి తీసుకుంది.

“వాడే వచ్చి తీసుకుంటడు,” అంది.

గేటు దగ్గరికి తిరిగి నడిచింది. ఫోటో మీది దండ తీసి బల్ల మీద పెట్టింది, ఫోటోను చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చింది. ఆ రోజు సైరన్ మోగలేదు. మర్నాడు ఆమె బడికి వచ్చింది, ఎక్కాలు అప్పజెప్పలేదని నన్ను బెత్తంతో కొట్టింది. దెబ్బ తిని అంత సంతోషపడింది నా జన్మలో అదొక్కసారే.

ఇంట్లో మా నానమ్మ మాత్రం తాతయ్యను ఊరికే వదల్లేదు. నిజంగానే వాడు రాకపోతే ఆ తల్లి గతేం కావాలె, లేని ఆశ ఎందుకు పెట్టినవ్ అని నిలదీసింది. ఆమె అడిగినదాంట్లో న్యాయం ఉంది. తాతయ్య, “రాకుంటె అప్పుడు ఏడుద్దాం. ఏడ్చుడు యాడికి పోతది,” అన్నాడు. ఆయనకూ భయం ఉండేదని ఆ మాటతో నాకు తెలిసింది. భయం ఉండి కూడా ఆ బిళ్ళ తియ్యలేదు.

అప్పటినుంచి ప్రతి షిఫ్టులో దీపం తీసుకునేవాళ్ళు ఒకసారి బోర్డు వైపు చూసేవాళ్ళు. ‘పైలటు బిళ్ళ ఉన్నదా కాకా’ అని అడగడం నమస్తే చెప్పినంత మామూలైపోయింది. మసి పట్టకుండా తాతయ్య దాన్ని చింతపండుతో తోమేవాడు. ఎండలు ముదిరే వేళకు కబురొచ్చింది. పైలటన్న బతికే ఉన్నాడు, శత్రుదేశంలో బందీగా ఉన్నాడు. కాలనీ అంతా మిఠాయిలు పంచారు. యూనియన్ నాయకుడు తానే వచ్చి, ఇక బిళ్ళ తీసి ఊరేగింపుగా టీచరమ్మకు ఇద్దాం అన్నాడు. తాతయ్య కిటికీ తలుపు సగం మూశాడు. “జాడ దొరికింది. మనిషి మీదికి రాలే,” అన్నాడు.

మళ్ళీ చలికాలం వచ్చాక రామగుండం స్టేషన్లో పైలటన్న రైలు దిగాడు. చేతికర్ర పట్టుకుని, చొక్కాలో మనిషి ఉన్నాడా లేడా అన్నట్టు ఉన్నాడు. టీచరమ్మ కొడుకు మొహాన్ని రెండు చేతుల్లో పట్టుకుని చూసుకుంది. మేమంతా జీపు ఎక్కాక మాత్రం ముందు ఇంటికి కాదు, బాయి మీదికి పొమ్మంది. దారిలో కొడుక్కి బిళ్ళ సంగతంతా చెప్పింది.

కిటికీ ముందు ఎవరో నిలబడగానే తాతయ్య అలవాటుగా తలెత్తకుండానే “దీపం?” అని చెయ్యి చాపాడు. దీపం చేతిలో పడకపోయేసరికి తలెత్తాడు.

“నీది శానా పెద్ద షిఫ్టు అయ్యింది బిడ్డా. తీసుకో,” అన్నాడు.

పైలటన్న కర్ర గోడకు ఆనించి, తన చేత్తో తన బిళ్ళ తీసుకున్నాడు. తాతయ్య ఏదో దీపం తుడిచే పని ఉన్నట్టు అటు తిరిగాడు. ఆయన ఏడవడం నేను చూడలేదని చెప్తూ వచ్చాను. చూశాను.

చెరలో ఏం జరిగిందో పైలటన్న పెద్దగా చెప్పేవాడు కాదు. విమానంలోంచి దూకినప్పుడు నడుము దెబ్బతింది. అడిగినవాళ్ళకు పేరు, హోదా, నంబరు చెప్పాడు, కొట్టినా అంతకుమించి చెప్పలేదు. చీకటి గదిలో ఒంటరిగా ఉంచినప్పుడు ఏమనుకునేవాడివన్నా అని ఒకసారి నోరాపుకోలేక అడిగాను. “ఇదొక షిఫ్టు అనుకునేటోన్ని. షిఫ్టు అన్నంక అయిపోకుంట ఉంటదా,” అన్నాడు. ఇక్కడ బిళ్ళ వేలాడుతోందని అప్పటికి ఆయనకు తెలియదు. ఇక ఎగరలేవు అని డాక్టర్లు చెప్పాక కూడా పట్టు విడవకుండా మళ్ళీ విమానం ఎక్కాడు. రిటైరయ్యాక గోదావరిఖనికే వచ్చి ఇల్లు కట్టుకున్నాడు. ఆ బిళ్ళ ఎప్పుడూ ఆయన జేబులోనే ఉండేది.

నేనూ టీచరునే అయ్యాను. బడి మానేసిన పిల్లల పేర్లు కొట్టెయ్యమని పైవాళ్ళు చెప్పినప్పుడల్లా నా చెయ్యి ఆడేది కాదు. వాళ్ళ ఇంటికి వెళ్ళి, కళ్ళతో చూసి, మాట్లాడితే కానీ ఊరుకునేదాన్ని కాదు. గోదావరి అవతల జైపూర్ వైపు పత్తి చేన్లలోంచి చెయ్యి పట్టుకుని వెనక్కి తెచ్చిన ఆడపిల్లలున్నారు. తేలేకపోయినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ పేర్లు ఇప్పటికీ నోటికి వస్తాయి.

ఈ ఏడాది పైలటన్న కాలం చేశాడు. ఇంట్లో, కుటుంబం మధ్య, నిండు వయసులో. శవపెట్టె మూసే ముందు ఆయన భార్య ఆ బిళ్ళ తెచ్చి, మీ తాతగారిది కదా, మీరే ఉంచుకోండి అంది. అరిగిపోయి అక్షరాలు కనపడటమే లేదు. నేను తీసుకోలేదు. ఎవరి బిళ్ళ వాళ్ళదే. ఇద్దరం కలిసి ఆయన జేబులోనే పెట్టాం.

సమాధుల తోటలో సైనిక లాంఛనాలు జరిగాయి. వైమానికదళం కుర్రవాళ్ళు పెట్టె మీది జెండాను మడతపెట్టి ఆమె చేతికిచ్చారు. బ్యూగిల్ ఊదారు, ఆకాశంలోకి తుపాకులు పేల్చారు. రోజూ బ్లాస్టింగులకు అదిరే ఊరు మాది, ఒక్కరూ ఉలిక్కిపడలేదు. అప్పుడు ఇప్పటి యూనియన్ కుర్రవాడొకడు ఫోను చేతిలో పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. పాత బాయి ఎప్పుడో మూసేశారు, ల్యాంపు రూముకు తాళం పడింది. పక్క బాయి మీద సైరన్ దగ్గర మనిషిని నిలబెట్టాడట.

“అమ్మా, మీ తాత లేడు, మిమ్ములనే అడగాలె,” అన్నాడు. “అందరి బిళ్ళలు అందినయా?”

ఆ ప్రశ్న నన్ను ఎవరైనా అడుగుతారని ఏనాడూ అనుకోలేదు.

“అందినయి బిడ్డా. కొట్టుమను,” అన్నాను.

ఆనాడు మా తాతయ్య ఆపిన సైరన్ ఇన్నేళ్ళకు మోగింది. ఎవరూ గేటు వైపు పరుగెత్తలేదు, అందరూ ఉన్నచోటే నిలబడి విన్నారు. నేను తృప్తిగా ఏడ్చాను. ఏడ్చుడు యాడికీ పోలేదు, ఆయన అన్నట్టే నా కోసం ఆగి ఉంది. ఇంకేముంది, అయిపోయిందని ఎవరి గురించి ఎవరు చెప్పినా నేను ఇప్పటికీ ఒక్కటే అడుగుతాను, బిళ్ళ తీసుకున్నడా అని.