టీచరమ్మ మడమ

వ్యానులో ఎడమ కిటికీ పక్క సీటును మేస్త్రి ఎప్పుడు ఆక్రమించాడన్న విషయంలో చరిత్రకారుల మధ్య భేదాభిప్రాయాలున్నాయి. చరిత్రకారులంటే వేరెవరో కాదు, అదే వ్యానులో ఊరూరా తిరిగే మిగతా ముగ్గురు బ్యాండు సభ్యులు. పాత ఆంప్లిఫయరు కాలిపోయిన ఏడాది నుంచి అని డ్రైవరు అంటాడు. కాదు, అంతకు ముందెప్పుడో, దారి పొడుగునా వాన కురిసిన ప్రయాణంలో అని బామ్మర్ది వాదిస్తాడు. ఆ సీటు కోసం యుద్ధమేదీ జరగలేదన్న దాంట్లో మాత్రం అందరిదీ ఒకటే మాట. తలుపు సందులోంచి చలిగాలి కొట్టే సీటది. పైగా ఎవరు దిగాలన్నా ముందు అందులో ఉన్నవాడు దిగి దారివ్వాలి. అటువంటి సింహాసనాన్ని ఒక మనిషి ఏళ్ళ తరబడి ఎందుకు ఏలుతున్నాడని ఎవరూ అడగలేదు.

కారణం చిన్నది. మేస్త్రికి ఎడమ చెవి వినపడదు. దాన్ని కిటికీకి అప్పజెప్పేస్తే మనుషులంతా కుడివైపుకు వస్తారు.

వారమంతా ఇళ్ళకు రంగులు వేయించే మేస్త్రి అతను. శని ఆదివారాలు రాక్ బ్యాండులో డ్రమ్స్ వాయిస్తాడు. చిన్నప్పుడు తండ్రి దుకాణంలో రంగు డబ్బాలు ఖాళీ అయ్యేదాకా ఆగలేక నిండువాటి మీదే వాయించి, మూతలు ఊడగొట్టి, తన్నులు తిన్నాడు. పెళ్ళయ్యాక భార్య తమ్ముడు గిటారు భుజాన వేసుకుని వచ్చి, "బావా, మన పాటలు మనమే కట్టుకుందాం. ఎవడి కిందా పనిచెయ్యొద్దు" అన్నాడు. ఎవడి కిందా పనిచెయ్యకపోవడమంటే పెట్టెలు తామే మొయ్యడం, పోస్టర్లు తామే అంటించడం, చెమటైనా ఆరకముందే గుమ్మం దగ్గర బల్లేసుకుని తమ రికార్డులు తామే అమ్ముకోవడం అని తర్వాత ఇరవై ఏళ్ళలో నిదానంగా తెలిసొచ్చింది. రెండో గిటారు వాయించే పెద్దమనిషి వ్యాను కూడా నడుపుతాడు గనక ఆయన్ను డ్రైవరనే పిలుస్తారు. గిటారు సంగతి మర్యాద కొద్దీ ఎవరూ ఎత్తరు. బడిలో లెక్కలు చెప్పే టీచరమ్మది బేస్ గిటారు.

ఇరవై ఏళ్ళ మోతకు ఎడమ చెవి ముందు పోయింది. చెవుల డాక్టరు కుడిదాన్ని కూడా పరీక్షించి, "ఇది సగం దారిలో ఉంది. డ్రమ్స్ మానేస్తే మిగులుతుంది, లేకపోతే ఇదీ దాని దారే" అన్నాడు. మేస్త్రి ఎంతో శ్రద్ధగా తలూపాడు. ఇంటికెళ్ళాక భార్య "ఏమన్నాడు?" అని అడిగితే "చెవిలో గుబిలి పేరుకుందన్నాడు" అని చెప్పి, చేతులు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు.

వినపడని మనిషి బ్యాండులో ఎలా నెట్టుకొచ్చాడంటే, చూసి నెట్టుకొచ్చాడు. బామ్మర్దికి పాటల వరుస ముందే చెప్పే అలవాటు లేదు. మనసుకు ఏది తోస్తే అది మైకులో ప్రకటిస్తాడు. వెనక కూర్చున్న మేస్త్రికి ఆ ప్రకటన ఒట్టి హోరు. కానీ పాట మొదలయ్యే ముందు టీచరమ్మ కుడి మడమతో నేలమీద లయ వేసుకుంటుంది. ఆ మడమ వేగాన్ని బట్టి మేస్త్రి పాటేదో పోల్చుకుని, పుల్లలు నాలుగుసార్లు కొట్టి అందుకుంటాడు. ఇంతకాలం ఒక్కసారి కూడా గురి తప్పలేదు.

ఆ శనివారం మధ్యాహ్నం కచేరీ. హాలు నిండుగా ఉంది. బామ్మర్ది మైకు దగ్గరికొచ్చి, ఈమధ్యే పోయిన తన తల్లి గురించి నాలుగు మాటలు చెప్పి, ఆమె కోసం కట్టిన పాట పాడతానన్నాడు. ముందు వరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది.

సరిగ్గా అప్పుడు టీచరమ్మ మడమ టకటకా నేలకు కొట్టుకుంది. అంత వేగం ఉన్న పాట వాళ్ళ దగ్గర ఒక్కటే, బస్సు తప్పిపోయినవాడి పాట. మేస్త్రి అందుకున్నాడు. డ్రమ్స్ ఎటుపోతే అటు పోవడమే సిద్ధాంతంగా బతికే డ్రైవరు వెంటపడ్డాడు. బామ్మర్ది వెనక్కి తిరిగి చూశాడు. ఆ చూపును మెచ్చుకోలు అనుకుని మేస్త్రి ఇంకాస్త పెంచాడు. హాలంతా గొల్లున నవ్వింది.

కచేరీ ఎలాగో ముగించి నలుగురూ హాలు వెనక ఎండలో, బయల్దేరడానికి ఇంజను వేసి ఉంచిన వ్యాను పక్కన చేరారు.

"మా అమ్మ పాట బావా అది! జనం నవ్వారు."

"అంటే... హుషారుగా ఉంటుందని..."

"అమ్మ పోవడం హుషారా నీకు?"

"తప్పు నాదేనేమో" అంది టీచరమ్మ. "చెప్పులో రాయి దూరింది. దులుపుకుందామని కాలు కొట్టాను. అన్న అది చూసి..." అంటూ ఆగిపోయింది. లెక్క తేలినట్టుంది. "అన్నా, నువ్వు నా కాలు చూసి వాయిస్తావా?"

నింద మీద వేసుకోవడానికి ఆమె సిద్ధంగానే ఉంది. ఊరుకుంటే సరిపోయేది. మేస్త్రి ఊరుకోలేకపోయాడు.

"ఎడమది పోయిందమ్మా. కుడిది పోతోంది. మానెయ్యమన్నాడు డాక్టరు."

"ఎప్పుడు?"

"పోయిన వానాకాలం."

"అక్కకి తెలుసా?" అన్నాడు బామ్మర్ది.

"గుబిలి అని చెప్పాను."

డ్రైవరుకు వేరే దిగులు పట్టుకుంది. "అయితే ఇన్నేళ్ళూ వ్యానులో నేను నిన్ను తిట్టిందంతా..."

"ఏం తిట్టావు?"

"ఏంలేదులే. పోనీ."

బామ్మర్ది పెట్టె మీద కూలబడ్డాడు. పొద్దున్నుంచీ దాచుకున్న దుఃఖమూ ఇప్పటి కోపమూ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. "నా పాటల కోసం చెవులు పోగొట్టుకుంటావా? రేపు అక్క మొహం ఎలా చూడను నేను? ఇంక నువ్వు పుల్లలు ముట్టడానికి వీల్లేదు. అమ్మ మీద ఒట్టు."

మేస్త్రి ముందుకొచ్చాడు. రాజ్యం వదులుకునే రాజులా పుల్లలు రెండూ రెండు చేతుల్తో బామ్మర్దికి అందించాడు. "ఇన్నేళ్ళు కలిసి తిన్నాం, కలిసి మోశాం. నావల్ల అత్తగారి పాట నవ్వులపాలైంది. క్షమించండి. ఇంక నా చోటు ఇంకెవరికైనా ఇవ్వండి" అన్నాడు. టీచరమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. డ్రైవరు గౌరవసూచకంగా ఇంజను ఆపేశాడు. బామ్మర్ది ఆ పుల్లలను గుండెకు హత్తుకుని, బావను గట్టిగా కౌగిలించుకుని, కుడి చెవి దగ్గరగా, "నీ చోటు ఎవరికీ ఇవ్వం" అన్నాడు. తర్వాత నలుగురూ వ్యానెక్కారు, మేస్త్రి ఎప్పట్లాగే ఎడమ కిటికీ పక్కన.

మర్నాడు పక్క ఊళ్ళో కచేరీ ఉంది. మిగతా ముగ్గురికీ డ్రమ్స్ రావు.