లేని గ్రహానికి పెట్టిన పేరు

నెవెనా కెహయోవా మా కొండ మీది వేధశాలకు ఉద్యోగానికి వచ్చేనాటికి నేను అక్కడి వంటింట్లో పాతదాన్ని. మొదటి మధ్యాహ్నమే నా బోటి సూప్ గిన్నెను వాసన చూసి పక్కకు జరిపింది. “వేలికక్కా, ఇది నిన్నటిది కదూ?” అంది. నిన్నటిదే. మిగతావాళ్లు వెల్లుల్లి, వెనిగర్ దండిగా పోసుకుని లొట్టలేస్తూ తాగుతున్నారు. నాకు ఒళ్లు మండింది. అయినా ఆ పిల్లకు మళ్లీ ఎప్పుడూ చద్దిది పెట్టలేదు.

ఆమెది కింది లోయలో గొర్రెల కాపరుల ఇల్లు. తండ్రి జున్ను చేసేవాడు. ఏది చెడిందో ముక్కుతో చెప్పగలగడం ఆ ఇంటి విద్య. నెవెనా ఆ ముక్కును నక్షత్రాల మీద పెట్టింది.

ఆమె వెతికేది వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే భారీ గ్రహాలను. అంత దూరంలో గ్రహం కనబడదు. కానీ పెద్ద గ్రహం చుట్టూ తిరుగుతుంటే నక్షత్రం కూడా ఉన్నచోట ఉండలేక కొద్దిగా ఊగుతుంది. నక్షత్రం వెలుగును రంగులుగా విడదీస్తే మధ్యలో సన్నటి నల్ల గీతలుంటాయి. నక్షత్రం మనవైపు ఊగితే ఆ గీతలు నీలం వైపు, అటు ఊగితే ఎరుపు వైపు జరుగుతాయి. ఆ జరుగుడును బట్టి గ్రహం ఉందా, ఎంత బరువు, ఎంత దూరంలో తిరుగుతోంది అని లెక్క కడతారు. ఇదంతా బంగాళాదుంపలు ఒలుస్తూ ఆమే నాకు చెప్పింది.

ఒక వేసవిలో ఒక నక్షత్రం ఊగింది. లెక్క ప్రకారం దాని చుట్టూ ఉన్నది మన బృహస్పతి కన్నా బరువైన గ్రహం. నక్షత్రానికి అంటుకున్నంత దగ్గరగా, కొద్దిరోజులకే ఒక చుట్టు. మేఘాల్లో ఇనుము కూడా ఆవిరయ్యేంత వేడి. నెవెనా ముఖం వెలిగిపోయింది గానీ, “ఇంకో ఏడాది చూడాలి,” అంది.

మా అధిపతి ప్రొఫెసర్ బొరిమిర్ జగోర్స్కికి ఏడాది ఆగే ఓపిక లేదు. ఈయన కాగితం తిప్పాలంటే వేలు నాలుకకు రాసుకునే మనిషి. ఆడవాళ్లు కనబడితే చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టేవాడు. ఆ తడి తుడుచుకోవడానికి నేను ఏప్రాన్ జేబులో గుడ్డ పెట్టుకునేదాన్ని. ఆయన టీవీ వాళ్లను పిలిచి, మన కొండ మీంచి మహాగ్రహాన్ని పట్టామని చెప్పేశాడు.

ఇక కింది పట్నానికి పూనకం వచ్చింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. మేయర్ గెంకోవ్ పేర్ల పోటీ పెట్టాడు. బళ్లో పిల్లలు మంచి మంచి పేర్లు రాశారు. గెలిచిన పేరు మాత్రం ‘స్తోయ్‌మెనా’. అది మేయర్ గారి అత్తగారి పేరు. చౌరస్తాలో పాత ఫౌంటెన్ కూలగొట్టి సిమెంటుతో పెద్ద గుండు పోయించి, నారింజ రంగు చారలు కొట్టించారు. ఆ రంగు వానకి కారి గట్టంతా పసిపిల్లాడి పక్కబట్టలా తయారైంది.

ఈలోగా నెవెనా ఆ నక్షత్రాన్ని చూస్తూనే ఉంది. ఆకులు రాలేసరికి నక్షత్రం ఊగడం తగ్గింది, లయ తప్పింది. అసలు గ్రహమైతే అలా అలిసిపోదు. ఆమె గీతలను మళ్లీ మొదటినుంచి పరీక్షించింది. చౌరస్తాలో గుండు ఆవిష్కరణ పండగకు ముందు రోజు మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర జగోర్స్కి ఎదురుగా కూర్చుంది. నేను వడ్డిస్తున్నాను.

“గీతలు జరగడం లేదండీ. వంగుతున్నాయి,” అంది.

“వంగితే?”

“గ్రహం లాగితే గీత మొత్తం పక్కకి జరగాలి. ఇది ఒక వైపే గుంట పడుతోంది. నక్షత్రం ఒంటి మీద మచ్చ ఉంది, అది నక్షత్రంతో పాటు తిరుగుతోంది. మనకి ఊగినట్టు కనబడింది, అంతే. గ్రహం లేదు.”

జగోర్స్కి రొట్టె ముక్కతో గిన్నె అడుగు తుడిచి నోట్లో పెట్టుకున్నాడు. తర్వాత వేళ్లు ఒక్కొక్కటే చీకాడు.

“అమ్మాయ్, రేపు మంత్రి వస్తున్నాడు.”

“మంత్రి వస్తే మచ్చ పోతుందా?”

“కొన్నాళ్లు నోరు మూసుకో. బయటివాళ్లు ఎవరో తప్పని తేలుస్తారు, తేల్చనీ. సైన్సంటే అదే కదా, ఒకడు కడతాడు, ఇంకొకడు కూలుస్తాడు.”

“మనకి తెలిసి కూడా?”

“తెలిసింది నీకు. నేనింకా చూళ్లేదుగా,” అని కన్ను గీటాడు.

నెవెనా లేచి వెళ్లిపోయింది. ఆమె పళ్లెం ముట్టనే లేదు.

మర్నాడు చౌరస్తాలో బూరలు, డోళ్లు, స్వాగతానికి రొట్టె, ఉప్పు, మంత్రి. చర్చి ఫాదర్ ఒక తులసి కట్టను మంత్రించిన నీళ్లలో ముంచి గుండు మీద చల్లాడు. మేయర్ అత్తగారు కొత్త కోటు తొడుక్కుని, గుండు పక్కన మరో గుండులా నిలబడి ఫొటోలు దిగింది. బేకరీ వాళ్లు నారింజ క్రీము పూసిన కేకు గ్రహాన్ని తెచ్చారు. జగోర్స్కి దానిలోంచి ఒక ముద్ద వేళ్లతో తీసి, కెమెరాల వైపు తిరిగి, “మా గ్రహానికి తల్లి,” అంటూ నెవెనా నోట్లో కుక్కాడు. ఆయన వేళ్లు ఆమె పెదాలకు తగిలాయి. జనం చప్పట్లు కొట్టారు.

ఆమె మెల్లగా పోస్టాఫీసు వెనక్కి నడిచింది. నేను వెంట వెళ్లేసరికి గోడ పట్టుకుని అంతా కక్కేస్తోంది.

“క్రీము పాడైందా?” అన్నాను.

“క్రీము బాగానే ఉంది,” అంది మూతి తుడుచుకుంటూ.

ఆ వారమే ఆమె తన ఒక్కదాని పేరుతో ఖగోళ పత్రికకు వ్యాసం పంపింది. ఆ గ్రహం లేదని, తమ లెక్క తప్పని, ఎందుకు తప్పో వివరించింది. సంగతి తెలియగానే జగోర్స్కి ఆమెకు టెలిస్కోపు ఆపేశాడు. బడిపిల్లలకు భవనం తిప్పి చూపించే పని అప్పజెప్పాడు. వేధశాలలో మిగతావాళ్లు భోజనాల దగ్గర ఆమె పక్క కుర్చీ ఖాళీగా వదిలి కూర్చునేవాళ్లు. నిన్నటిదాకా ఆమె లెక్కలే కాపీ కొట్టిన పెద్దమనుషులు.

పట్నం ఇంకా పాడు. ఒక శనివారం సంతలో నేనూ ఆమె కలిసి పెరుగు కొనబోతే, అమ్మే మనిషి కుండ మీద మూత పెట్టేసింది.

“మా గ్రహాన్ని మింగిన దానివి నువ్వే కదమ్మా? నీకు పెరుగేం సరిపోతుంది?”

“లేనిదాన్ని ఎలా మింగుతాను పిన్నీ?”

“టీవీలో చూపించారు. టీవీ వాళ్లకంటే తెలుసా నీకు?”

పక్క దుకాణంవాడు నవ్వి నేల మీద ఉమ్మేశాడు. ఆమె చెప్పు అంచున పడింది. నేను తిట్టబోతే నెవెనా, మా వైపు ‘వద్దు’ అనడానికి చేసినట్టు, తల పైకి విసిరి నన్ను లాక్కెళ్లింది.

వ్యాసం అచ్చయింది. ఇంకో రెండు దేశాల వాళ్లు ఆ నక్షత్రాన్నే చూసి ఆమె మాటే నిజమన్నారు. ఇప్పుడు జగోర్స్కి పని అయిపోయిందనుకున్నాను. పిచ్చిదాన్ని. ఆయన రాజధానికి వెళ్లి ‘శాస్త్రవేత్త నిజాయితీ’ గురించి ఉపన్యాసం ఇచ్చాడు. “మా తప్పును మేమే బయటపెట్టుకున్నాం. నా శిష్యురాలిని నేనే ప్రోత్సహించాను,” అన్నాడు. దానికి ఆయనకు పతకం ఇచ్చారు. లేని గ్రహానికి ఒకసారి, అది లేదన్నందుకు ఇంకోసారి, ఒకే మెడలో రెండు దండలు.

తిరిగొచ్చి, రెండు చేతులూ చాపుకుంటూ నెవెనా గదిలోకి వెళ్లాడు. “మనం నిజాన్ని నిలబెట్టాం, అమ్మాయ్. టెలిస్కోపు మళ్లీ నీదే.”

“టెలిస్కోపు ఇవ్వండి, తీసుకుంటా,” అంది. “‘మనం’ అనకండి. చేతులు దించండి.”

రాజీనామా చేస్తుందేమో అనుకున్నాం. చెయ్యలేదు. “ఈయన కోసం నేనెందుకు పోవాలి?” అంది నాతో. మళ్లీ పనిలో పడింది. ఈసారి పట్టింది ఒక ముసలి, నెమ్మది నక్షత్రాన్ని. దాని ఊపు ఒకటి పూర్తి కావడానికే ఏళ్లు పట్టింది. గీతలు జరిగాయి, వంగలేదు. చల్లని చోట, తన నక్షత్రానికి చాలా దూరంగా, తీరిగ్గా తిరిగే భారీ గ్రహం. వేరే దేశం వాళ్లు కూడా చూసి ఉందన్నాకే ప్రకటించింది. టీవీ వాళ్లు రాలేదు. మేయర్ ఫోన్ కూడా చెయ్యలేదు. ఆ రోజు ఆమె నా చిక్కుడు సూప్ రెండు గిన్నెలు తాగింది.

సంతోషించింది, అది నేను చూశాను. కానీ ఆ పాత రోత ఆమెను వదల్లేదు. ఎవరైనా మెచ్చుకుంటే ముందు వాళ్ల చేతుల వంక చూసేది.

జగోర్స్కి పదవీ విరమణ విందుకు వంట నాదే. హాలు నిండా జనం, రాకియా సారా గ్లాసులు, పొగడ్తలు. నెవెనా హాల్లోకి రాలేదు. నా వంటింట్లో స్టూలు మీద కూర్చుని, చొక్కా చేతులు పైకి మడిచి, గొర్రె మాంసంలోకి ఉల్లిపాయలు తరుగుతోంది. గోడ అవతల ఆయన గొంతు ఖంగుమంటోంది.

“ఏమంటున్నాడక్కా?”

తలుపు సందులోంచి విన్నాను. “సత్యం కోసం తన గ్రహాన్నే వదులుకున్నాడట.”

ఆమె కత్తి ఆపలేదు. “ఆ తలుపెయ్యి,” అంది.

వేసేశాను.